జాంగడ్ మీద వచ్చిన గిటారు

సూరత్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, జాంగడ్ అంటే ఏమిటో నాకొకరు చెప్పాల్సిన పని లేదు. సరుకు తెచ్చుకుంటావు, డబ్బు ఇవ్వవు. నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని చూస్తావు. నచ్చితే ఉంచుకుంటావు, నచ్చకపోతే తెచ్చినదాన్ని తెచ్చినట్టే తిరిగి ఇస్తావు. ఒక్కటే షరతు, కత్తెర పడకూడదు. తానులోంచి వేలెడు గుడ్డ కోసినా తాను మొత్తం నీదే. సలాబత్‌పురాలో చీరల షాపు మేనేజరుగా ఈ షరతును ఎంతమందికి నవ్వుతూ గుర్తుచేశానో లెక్క లేదు. అదే షరతు ఒక గిటారు రూపంలో నా ఇంటికే వచ్చి కూర్చుంటుందని మాత్రం అనుకోలేదు.

గొడవంతా నా ఎడమ భుజంతో మొదలైంది.

సూరత్‌లో స్థిరపడ్డ మా తెలుగు పద్మశాలీల ఆర్కెస్ట్రాలో బాస్ గిటార్ వాయించేది నేను. పెళ్లిళ్లకు, బతుకమ్మకు, నవరాత్రుల్లో సొసైటీల గర్బాకు వాయిస్తాం. బాస్ గిటార్‌కు నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. పాటలో దాని మోత ఎవరికీ విడిగా వినిపించదు, తీసేస్తే మాత్రం పాట కింద నేల లేనట్టుంటుంది. నాది బాగా పాతది, బాగా బరువు. నా భార్య సుభాషిణి దాన్ని 'నీ బండ' అనేది. ప్రోగ్రాం మధ్యలో విరామం ఇవ్వగానే స్టేజీ పక్కకు వచ్చి, నా భుజం మీంచి బండను దించుకుని, నేను నీళ్లు తాగేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తను పోయి మూడేళ్లవుతోంది. ఇప్పుడు విరామంలో కూడా అది నా భుజం మీదే ఉంటుంది. దించితే మళ్లీ ఎత్తుకోవడం కష్టం.

ఈ ఏడు ఎండాకాలం నుంచి ఎడమ చెయ్యి చెవి దాటి లేవడం లేదు. చొక్కా తొడుక్కోవడమే ఒక పని అయింది. ఈ సంగతి ఎవరు మోశారో గాని మా ఆర్కెస్ట్రా నడిపే శివకృష్ణ చెవిన పడింది. అతను కీబోర్డ్ వాయిస్తాడు. మంచివాడే, కాని నోటికి తాళం లేదు.

"కాకా, ఒక మాట చెప్త, కోపానికి రావద్దు," అన్నాడు ఫోన్‌లో. "రాఖీ పున్నమ నాడు ప్రాక్టీసు మొదలు పెడుతున్నం. నవరాత్రులు మొత్తం నిలబడి కొట్టాలె. నీతోని అయితదా?"

"కుర్చీ వేసుకుంటాను."

"సొసైటోళ్లు ఒప్పుకోరు కాకా. పోయినేడు ఢోల్ ఆయన జరసేపు స్టూల్ మీద కూసుంటేనే సెక్రటరీ ఉరికొచ్చి 'యే క్యా, దవాఖానా హై?' అన్నడు."

"మరి?"

"మరేముంది. అవసరమైతే బాస్ నేనే ఎడమ చేత్తోని కీబోర్డ్ మీద కొట్టేస్త. నువ్వు ముందట మంచిగ కూసొని విను."

ముందట కూర్చుని వినమన్నాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇంట్లో నేను టీవీకి జవాబులు చెప్పడం మొదలుపెట్టి చాలా రోజులైంది. ఆర్కెస్ట్రాలో అయితే ఎవరో ఒకరు నా మీద అరుస్తారు, నా టీ ఎవరో తాగేస్తారు, నా వైరు ఎవరో తొక్కుతారు. నాకు అది కావాలి. స్టేజీ మీద నిలబడలేకపోతే అదంతా పోతుంది.

సరిగ్గా అప్పుడే సాయికుమార్ తగిలాడు. ఆల్థాన్‌లో ఉంటాడు. తల్లిదండ్రులు మావాళ్లే, సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి చదివించారు. వజ్రాల కంపెనీలో కంప్యూటర్ పని. శనివారాలు ఏదో కాఫీ హోటల్లో బాస్ గిటార్ వాయిస్తాడు. అతనిది చిన్నది, మెడ పొట్టి, చీపురుకట్టంత బరువు. నా బండను ఒక పెళ్లిలో చూసినప్పటి నుంచి అతని కన్ను దాని మీదే ఉంది.

"అంకుల్, స్ట్రెయిట్ ఎక్స్‌చేంజ్. నాది మీకు, మీది నాకు. ఊపర్ సే కుఛ్ నహీ, పైన డబ్బు మాటే లేదు," అన్నాడు.

"నీది కొత్తది కదయ్యా. నాది ముసలిది."

"ముసలిదనే కదా అంకుల్ అడిగేది! ఆ కట్టెలో ఉన్న సౌండ్ ఇప్పటి వాటిలో రాదు. నాది మీ భుజానికి పువ్వులాంటిది. ఏక్‌దమ్ హల్కా."

సరే అనలేకపోయాను. వద్దనీ అనలేకపోయాను. నోరు తెరిస్తే నలభై ఏళ్ల మార్కెట్ అలవాటు మాట్లాడింది. "రాఖీ దాకా జాంగడ్ మీద ఉంచుకుందాం. నీది నా దగ్గర, నాది నీ దగ్గర. నచ్చితే సరి, లేకపోతే ఎవరిది వాళ్లకు," అన్నాను. సాయికుమార్ నవ్వి, "పక్కా సూరత్‌వాలే హో అంకుల్," అంటూ బండను సంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం నేను పడిన యాతన ఎవరికీ వద్దు.

చిన్న గిటారు భుజానికి తగిలించుకుంటే తగిలించుకున్నట్టే లేదు. మొదటి రోజు గంటసేపు వాయించి పడుకుంటే ఎడమ పక్కకు తిరిగి నిద్రపోయాను. ఎన్నాళ్లయిందో అలా పడుకుని. పొద్దున లేచి, దిండుకు దండం పెట్టాలనిపించింది. కాని రెండో రోజు పాటలు తీస్తే ఒక్కటీ సరిగా పలకలేదు. వీణకు మెట్లున్నట్టు గిటారు మెడ మీద ఇత్తడి గీతలుంటాయి. ఇందులో మెడ పొట్టిది, గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నా వేళ్లు ఇన్నేళ్ల అలవాటు కొద్దీ దూరం సాగి, ఆగాల్సిన చోటు దాటి పక్క గీత మీద వాలుతున్నాయి. పాట ఒక దారిన పోతుంటే నేను పక్క సందులోంచి పోతున్నట్టుంది. దానికి తోడు గిటారు ఒళ్లు మరీ తేలిక కావడంతో వాయిస్తుంటేనే మెడ దబ్బున కిందికి వాలుతుంది. దాన్ని ఎత్తి పట్టుకునేది ఎడమ చెయ్యే. అంటే మళ్లీ ఆ భుజమే.

పోనీ బండే నయం అనుకుంటే, ఎడమ పక్కకు తిరిగి పడుకున్న నిద్ర గుర్తుకొచ్చేది. పొద్దున ఒక నిర్ణయం, సాయంత్రం ఇంకోటి. మధ్యలో సలహాలు. షాపులో సేఠ్ రెండూ అమ్మేసి హార్మోనియం కొనుక్కోమన్నాడు. భుజానికి కసరత్తు చేయించే అమ్మాయి అసలు సంగీతమే మానేయమంది, తను భక్తి పాటలు వింటుందట, చాలా హాయిగా ఉంటుందట. అందరికీ తల ఊపాను. నాకు ఎదుటి మనిషి మాటను మధ్యలో ఆపడం రాదు. అది వరమో శాపమో ఆ వారంలో తేలిపోయింది.

రాఖీ పున్నమ వచ్చింది. వినోదక్క, లింగమూర్తి బావ పొద్దున్నే దిగారు. ఉండేది ఇదే పర్వత్ పాటియాలో, రెండు గల్లీల అవతల. అయినా అక్క ఊరి ప్రయాణమంత సంచి తెస్తుంది. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. రాఖీ నాడు అక్క నా చేతికి కట్టాక ఇంకో దారం మా నాన్న సాంచెకు కట్టేది. అన్నం పెట్టే వస్తువుకు కూడా ఆడపిల్ల దారం ఉండాలని. నాన్న పోయాడు, సాంచె పోయింది. నా ఇంట్లో అలాంటి వస్తువు ఏదా అని చూసి, గిటారు అన్నం పెట్టకపోయినా, అక్క దానికే కట్టడం మొదలుపెట్టింది. కట్టాక మళ్లీ రాఖీ దాకా ఆ వస్తువు ఇంకొకరి సొంతం కాకూడదు.

నా చేతికి కట్టి, నోట్లో దూద్‌పేడా కుక్కి, రెండో దారం చేతబట్టుకుని గిటారు ముందు ఆగిపోయింది.

"ఇదేంది తమ్మీ, గిది మారింది? నీ బండ ఏది?"

చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"అయితే ఇది ఉంటదా పోతదా? పోయేదానికి నేను దారం కట్ట."

"ఇంకా తేల్చుకోలేదక్కా. సాయంత్రం ఆ అబ్బాయి వస్తాడు."

"వారం సంది ఏం జేసినవ్? రెండూ గిటార్లే గద. ఏది కొట్టినా ధన్‌ధన్ అనే గద."

బావ అప్పటికే గిటారును తిరగేసి చూస్తున్నాడు. ఆయన సాంచెల ఫిట్టరుగా పనిచేసి మానేశాడు. మానేసినా చేతులు ఊరుకోవు. మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఒక నల్లానో ఒక స్విచ్చినో బాగుచేసి పోతాడు, ఆ తర్వాత నేను మెకానిక్‌ని పిలిపించుకుంటాను.

"దీని బీమారి ఏంది బామ్మర్దీ?" అన్నాడు.

నేను చెప్పకుండా ఉండాల్సింది. "మెడ వాలిపోతుంది బావా. వెనక బరువు లేదు," అన్నాను.

"ఓస్, గంతేనా," అన్నాడు.

ఆ 'గంతేనా' విని కూడా నేను తియ్య పెరుగు శ్రీఖండ్ తేవడానికి బయటికి పోయాను. పండగ పూట డెయిరీ ముందు సూరత్ మొత్తం నిలబడి ఉంది. నేను తిరిగి వచ్చేసరికి అక్క ముఖం అదోలా ఉంది. బావ ముఖం మాత్రం వెలిగిపోతోంది. నేల మీద చెక్కపొడి, పక్కన డ్రిల్లు మిషను. ఇంటికి పోయి తెచ్చుకున్నాడన్నమాట.

"ఎత్తి చూడు," అన్నాడు.

పాత సాంచెల్లో నూలు చుట్టిన బీము వదులుగా తిరిగిపోకుండా దానికి గొలుసుతో ఇనుప బిళ్లలు వేలాడదీస్తారు. గిటారు తోక వైపు నిలువునా చిల్లు తొలిచి, అలాంటి బిళ్ల ఒకటి లావు బోల్టు వేసి బిగించి ఉంది. నేను ఎత్తాను. మెడ వాలలేదు. త్రాసు ముల్లులా నిలబడింది.

"ఎట్లుంది?"

"బావా, బరువు..."

"బరువుదేముంది? బరువు పెడితే బరువుంటది."

"నా బండంత అయింది."

"అయితే అయింది, మెడ నిలవడ్డదా లేదా?"

"బావా, ఇది మనది కాదు! జాంగడ్ మీద వచ్చింది! చిల్లు పెట్టావు!"

నేను గొంతు పెంచింది అంతే. మా అక్క దానికే గుండె పట్టుకుంది. తమ్ముడు అరవడం ఆమె చివరిసారి ఎప్పుడు విన్నదో. ఆ వెంటనే మొగుడి మీద పడింది. "చెప్తనే ఉన్న, అడుగు అడుగు అని! వింటివా? పరాయి పోరని వస్తువు! దునియాల ప్రతిదీ నీ సాంచె అనుకుంటివా?"

"చెడగొట్టినానే? నిలవెట్టిన!" అన్నాడు బావ. నిజంగానే నొచ్చుకున్నాడు.

నేను కుర్చీలో కూర్చుని శ్రీఖండ్ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడు, ఆ చిరాకు అడుగున, ఒక నెమ్మది వచ్చింది. కత్తెర పడింది. అంటే ఈ గిటారు ఇక నాదే, బండ సాయికుమార్‌ది. వారం రోజులు నేను తేల్చుకోలేనిదాన్ని బావ ఒక డ్రిల్లుతో తేల్చేశాడు. మంచో చెడో, అయిపోయింది. నేను అక్కకు గిన్నెలు తెమ్మని చెప్పి శ్రీఖండ్ వడ్డించాను. బావ అలిగి, ముందు వద్దని, తర్వాత రెండుసార్లు తిన్నాడు.

నాలుగింటికి సాయికుమార్ బండతో వచ్చాడు. వస్తూనే తన గిటారు తోక చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"యే క్యా హై అంకుల్?"

"ఇనుప బిళ్ల," అన్నాడు బావ.

"అది కనబడుతుంది బాబాయ్. ఎందుకుంది?"

నేను లేచాను. "సాయీ, తప్పు మావైపు జరిగింది. జాంగడ్ సరుకు మీద కత్తెర పడితే ఏమవుతుందో నీకు తెలుసు. ఇది ఇక నాది. బండ నీది. మాట మాటే."

సాయికుమార్ గిటారును ఒళ్లో పెట్టుకుని, బోల్టు విప్పి, బిళ్లను కింద పెట్టాడు. చిల్లులోకి వేలు దూర్చి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఫక్కున నవ్వాడు.

"ఛోడో అంకుల్. సౌండ్‌కేం కాదు. ఒక స్టికర్ అంటిస్తే సరి. దీని కోసం మీరు మీ బండను పోగొట్టుకోవద్దు. మీకు మనసుంటేనే మారుద్దాం. లేకపోతే నాది నేను తీసుకుపోతా, నో టెన్షన్."

ఎంత మంచి పిల్లవాడు! ఆ క్షణంలో అతని మీద వచ్చినంత విసుగు బావ మీద కూడా రాలేదు. హాయిగా తెగిపోయిన ముడిని తెచ్చి మళ్లీ నా ఒళ్లో వేశాడు.

"మెడ వాలుతుంది కదా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మీరు కుడి చెయ్యి గాలిలో పెడుతున్నారు అంకుల్. మోచేతి కింది భాగం ఇట్లా ఒంటి మీద ఆనించండి. మీ చేతి బరువే చాలు, మెడ వాలదు."

ఆనించి చూశాను. వాలలేదు.

"ఈ ముక్క వారం కిందట చెప్పచ్చు కదయ్యా!"

"మీరు అడగలేదుగా అంకుల్."

"అయితే నా బిళ్ల వేస్టేనా?" అన్నాడు బావ. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

అక్క దారం పట్టుకుని గది మధ్యలో నిలబడింది. "ఇగో తమ్మీ, రెండూ ఇక్కడనే ఉన్నయి. పున్నమ ఘడియలు దాటిపోతున్నయి. ఏది నీదో చెప్పు, కట్టి పోత. నా ఇంట్ల పప్పు నానవెట్టి వచ్చిన."

"ఒక్క నిమిషం అక్కా."

ముందు బండను ఎత్తుకున్నాను. బెల్టు తలమీంచి వేసుకోవడానికి ఎడమ చెయ్యి లేపాలి. లేపాను, చెవి దగ్గర ఆగింది. అంతే, గదిలో ఉన్న ముగ్గురూ ఒక్కసారే కదిలారు. సాయికుమార్ కింద చెయ్యి వేశాడు, బావ బెల్టు పట్టాడు, అక్క దారం పళ్ల మధ్య పెట్టుకుని నా మోచేతిని ఎత్తింది. నేను రోలు ఎత్తుతున్నట్టుంది వాళ్ల హడావిడి. వేసుకున్నాను. నాలుగు స్వరాలు వాయించాను. వేళ్లు కళ్లు మూసుకుని కూడా దారి తప్పలేదు. ఆ మోత నా పొట్టలో కూర్చుంది. నిజం చెప్పాలంటే అలాంటి మోత ఇంకొకటి లేదు.

దాన్ని దించడానికి మళ్లీ ముగ్గురూ వచ్చారు.

తర్వాత చిన్నది వేసుకున్నాను. ఒంటి చేత్తోనే అయింది. తల పైకెత్తి చూస్తే సాయికుమార్ ఫోన్ చూసుకుంటున్నాడు. బావ బోల్టును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అక్క గిన్నె అంచుకు అంటుకున్న శ్రీఖండ్‌ను వేలితో తీసి నాకుతోంది. నా వైపు ఎవరూ చూడటం లేదు.

ఎన్నాళ్లయింది, నన్ను ఎవరూ అలా పట్టించుకోకుండా ఉండి! చెయ్యి చెడ్డప్పటి నుంచి నేను గ్లాసు ఎత్తినా ఎవరో ఒకరు లేస్తున్నారు. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కాని స్టేజీ మీద అందరి ముందు ముగ్గురు వచ్చి బెల్టు వేసే మనిషిని, ఎంత మోత పలికించినా, వాయిద్యగాడు అనరు. పాపం అంటారు.

"ఇదే అక్కా," అన్నాను. "దీనికి కట్టు."

"పక్కా?"

"పక్కా."

అక్క వెంటనే కట్టేసింది, నేను మళ్లీ మనసు మార్చుకుంటానేమోనని రెండు ముళ్లు ఎక్కువే వేసింది. సాయికుమార్ బండను అందుకుని, అక్కడే గోడకు ఆనుకుని వాయించాడు. కుర్రవాడి చెయ్యి, గట్టిగా మీటాడు. వంటింట్లో అల్మారా మీద స్టీలు పళ్లాలు జలజలమన్నాయి. నేను ఎప్పుడూ దాని వెనకే నిలబడ్డాను, ఎదురుగా నిలబడి వినడం అదే మొదటిసారి.

"అమ్మో, నీ బండ గిట్ల గూడ మొరుగుతదా!" అంది అక్క.

మనసుకు కొంచెం నొప్పిగానే అనిపించింది. సాయికుమార్ అది గమనించాడనుకుంటాను. దాన్ని సంచిలో పెట్టేటప్పుడు జిప్పు నెమ్మదిగా, ఎక్కడా రాసుకోకుండా వేశాడు. ఆ మాత్రం చాలు.

ఆరింటికి కమ్యూనిటీ హాల్లో ప్రాక్టీసు. బావ కూడా వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. బిళ్ల జేబులోనే ఉంది, మెడ వాలితే చెప్పమన్నాడు. శివకృష్ణ నన్ను, నా భుజం మీద వేలాడుతున్న చిన్న గిటారును, దానికి కట్టిన ఎర్ర రాఖీని చూసి ఏదో అనబోయి, పండగ పూట కదా అని ఊరుకున్నాడు. ఢోల్ మొదలైంది. నేను కుడి చెయ్యి ఆనించి, నిలబడి, మొదటి స్వరం మీటాను.

పక్క గీత మీద పడింది.

శివకృష్ణ కీబోర్డ్ ఆపాడు. ఢోల్ ఆగింది. హాలు మొత్తం నా వైపు తిరిగింది.

"కాకా! ఏందది? గాడిద ఓండ్ర పెట్టినట్టు! పాట ఏది, నువ్వు కొడుతున్నదేది?"

"కొత్త గిటారు. వేళ్లకు ఇంకా అలవాటు కాలేదు."

"నవరాత్రులు నీ వేళ్ల కోసం ఆగుతయా?"

"ఆగవు. అందుకే అరవడం ఆపి మొదట్నుంచి మళ్లీ మొదలుపెట్టు," అన్నాను.

మొదలుపెట్టాడు. రెండోసారి కూడా తప్పు పడింది. ఈసారి పాట ఆపకుండానే తిట్టాడు, నేను ఆపకుండానే వాయించాను.